బి1 జర్మన్ రీడింగ్‌కి ఏ దారి మంచిది: కోర్సా, మోడల్ పేపర్లా, రోజూ చదవడమా?

బెంగళూరులో మన తెలుగువాళ్లు ఉండే ఏ పీజీకి వెళ్లినా ఇప్పుడు జర్మన్ నేర్చుకునేవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తున్నారు. ఆస్‌బిల్డుంగ్‌కి, అంటే జర్మనీలో పని నేర్పే శిక్షణకి, వెళ్దామనుకునే డిగ్రీ పిల్లలు, బి1 అనే మధ్యస్థాయి దాటి దాని పై మెట్టు బి2 దాకా వెళ్లాల్సిన నర్సులు, జర్మనీ వెళ్లి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే ఆపర్చునిటీ కార్డులో బి1కి 2 పాయింట్లు వస్తాయని లెక్కలు వేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు. అందరూ అడిగేది ఒకటే: రీడింగ్‌కి కోర్సులో చేరాలా, ఇంట్లో కూర్చుని మోడల్ పేపర్లు చేసుకుంటే చాలా, ట్యూటర్ కావాలా? అందరికీ కలిపి ఒకే జవాబు చెప్పేవాళ్ల మాట నమ్మకండి. రీడింగ్‌లో మార్కులు పోయేది మూడు కారణాలతో: మాటలు తెలియక, టైమ్ చాలక, ప్రశ్నలో పెట్టిన మెలిక పట్టుకోలేక. మీ మార్కులు వీటిలో దేనివల్ల పోతున్నాయో తేలితే దారి కూడా తేలినట్టే. అది తేల్చుకోకుండా ఫీజు కట్టేస్తే డబ్బు పోతుంది, అంతకంటే విలువైన మూడు నెలలూ పోతాయి.

పరీక్ష ఎలా ఉంటుందో ముందు చెప్పేస్తాను. గోథే ఇన్‌స్టిట్యూట్ అనే జర్మన్ సంస్థ పెట్టే బి1 పరీక్షలో లేజెన్, అంటే రీడింగ్, 65 నిమిషాలు, 5 భాగాలు, 30 ప్రశ్నలు. మొదటి భాగంలో ఒక బ్లాగో మెయిలో ఇచ్చి 6 వాక్యాలకు రిష్టిగ్ (ఒప్పు), ఫాల్ష్ (తప్పు) పెట్టమంటారు. రెండో దాంట్లో రెండు పత్రికా వ్యాసాలు, 6 మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలు. మూడో దాంట్లో ఏడుగురి అవసరాలకు సరిపోయే ప్రకటనలు వెతకాలి. నాలుగులో 7 అభిప్రాయాలు, ఆ మనిషి ఫలానా విషయానికి అనుకూలమా కాదా అని యా (అవును), నైన్ (కాదు) పెట్టాలి. ఐదోది ఏదో ఒక నియమాల కాగితం, 4 ప్రశ్నలు. ఒక్కో భాగానికి ఎంత టైమ్ పెట్టుకోవాలో పేపర్ మీదే రాసి ఉంటుంది: వరుసగా 10, 20, 10, 15, 10 నిమిషాలు. ముప్పైలో 18 కరెక్ట్ అయితే 60 పాయింట్లు, అంటే పాస్. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు మాడ్యూళ్లూ దేనికది వేరు కాబట్టి లేజెన్ ఒక్కటే పోతే అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు. చాలామంది టెన్షన్ ఈ ఒక్క ముక్క తెలిస్తేనే సగం తగ్గుతుంది.

ఇక మీ లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి. గోథే వెబ్‌సైట్‌లో మోడల్ పేపర్ ఉచితంగా దొరుకుతుంది. ప్రింట్ తీసుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టేసి, 65 నిమిషాలు అలారం పెట్టుకుని నీలం పెన్నుతో రాయండి. అలారం మోగగానే నీలం పెన్ను పక్కన పెట్టి ఎర్ర పెన్ను తీసుకోండి. ఇప్పుడు టైమ్ లెక్క లేదు, డిక్షనరీ మాత్రం ముట్టుకోకూడదు. మిగిలిపోయినవి పూర్తి చేయండి, అనుమానం ఉన్నవి మార్చుకోండి. ఆ తర్వాత మూడోసారి పెన్సిల్‌తో, ఈసారి డిక్షనరీ చూస్తూ, మళ్లీ మొత్తం సరిచూసుకోండి. కీ ఇవన్నీ అయ్యాకే తెరవాలి. ఇప్పుడు మీ దగ్గర మూడు స్కోర్లు ఉంటాయి. నీలం తక్కువ, ఎరుపు ఎక్కువ వస్తే మీకు కావాల్సింది వేగం. ఆ రెండూ తక్కువై పెన్సిల్ స్కోరు ఒక్కసారిగా లేస్తే మీకు లేనిది మాటల సంపద. డిక్షనరీ చేతిలో ఉన్నా తప్పులు అలాగే ఉన్నాయంటే వాక్యం అర్థమవుతోంది కానీ ప్రశ్న అడిగేదేమిటో పట్టుబడటం లేదన్న మాట, లేదా గ్రామర్ పునాదే కదులుతోందన్న మాట. ఈ ఒక్క పూట కష్టం పడండి, తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయం తేలికవుతుంది.

క్లాస్‌రూమ్ కోర్సు సంగతి చూద్దాం. బెంగళూరులో గోథే వాళ్ల మాక్స్ ముల్లర్ భవన్ ఇందిరానగర్ సీఎంహెచ్ రోడ్డులో ఉంది, మెట్రో పర్పుల్ లైన్ మీద ఉన్నవాళ్లకు తేలిక. అది కాక ఊరంతా ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి. కోర్సు గొప్పదనం క్రమశిక్షణ. ఫలానా రోజు, ఫలానా టైమ్‌కి వెళ్లి కూర్చోవాల్సిందే, చేయకపోతే టీచర్ అడుగుతారు. పెన్సిల్‌తో కూడా స్కోరు లేవనివాళ్లలో, బి1కి ముందు మెట్టు ఏ2లోనే గ్రామర్ పచ్చిగా ఉండిపోయినవాళ్లకు నా సలహా కచ్చితంగా కోర్సే. వాళ్లు మోడల్ పేపర్లు ఎన్ని చేసినా అవే తప్పులు మళ్లీ మళ్లీ చేస్తారు, ఎందుకు తప్పో చెప్పేవాళ్లు పక్కన ఉండరు కాబట్టి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. కోర్సులో రీడింగ్‌కి దొరికేది కొంచెమే. మాట్లాడటం, వినడం, రాయడం, గ్రామర్ అన్నీ అదే రెండు మూడు గంటల్లో సర్దాలి, అందుకే చదవడం ఎక్కువగా హోంవర్కులోకి నెట్టేస్తారు. ఒక్క రీడింగ్ కోసమే కోర్సులో చేరతానంటే మాత్రం వద్దంటాను. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని క్లాసుకి వెళ్లి వచ్చే టైమ్‌లో ఇంట్లో ఒక పేపర్ రాసి, తప్పులు కూడా దిద్దుకోవచ్చు. అంత దూరం ఉన్నవాళ్లు చేరాలనుకుంటే ఆన్‌లైన్ బ్యాచ్ చూసుకోండి.

మోడల్ పేపర్లు వేగం లేనివాళ్లకు మందు. మాటలు రానివాళ్లకు మాత్రం అవి ఒట్టి థర్మామీటర్, జ్వరం ఎంతుందో చెబుతాయి తప్ప తగ్గించవు. అసలు సమస్య ఏమిటంటే నమ్మదగిన అధికారిక పేపర్లు దొరికేవి చాలా తక్కువ, వాటిని మొదటి వారంలోనే ఊదేస్తే చివరి నెలలో మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికి ఏమీ మిగలదు. లోపం కనిపెట్టడానికి ఒకటి వాడండి, ఒకటి పరీక్షకు పది రోజుల ముందుకు దాచుకోండి, మధ్యలో ప్రాక్టీస్ పుస్తకాలవి చేయండి. పేపర్ చేయడానికి ఎంత టైమ్ పట్టిందో తప్పులు చూసుకోవడానికి కనీసం అంత పట్టాలి. ప్రతి తప్పుకూ టెక్స్ట్‌లో జవాబు ఉన్న వాక్యం కింద గీత గీసి, నేను ఎందుకు వేరేది పెట్టాను అని పక్కన ఒక ముక్క తెలుగులోనే రాసుకోండి. మార్కులు పెరిగేది ఈ పని వల్లే, రోజుకో పేపర్ పూర్తి చేశామన్న తృప్తి వల్ల కాదు.

మెలిక అంటే ఏమిటో రెండు ఉదాహరణలు చెబుతాను, ఇవి నేను అల్లినవే, పరీక్షలో వచ్చేవి మాత్రం అచ్చం ఈ తరహాలోనే ఉంటాయి. నాలుగో భాగంలో స్కూల్లో ఫోన్లు నిషేధించాలా అన్నది విషయం అనుకుందాం. ఒకావిడ రాస్తుంది: మా అమ్మాయి విరామం అంతా ఫోన్ చూస్తూనే గడిపేది, టీచర్ల బాధ నాకు బాగా తెలుసు, అయితే ఫోన్ లాక్కుని బీరువాలో పెడితే పిల్లలు దాన్ని సరిగ్గా వాడటం ఎప్పటికీ నేర్చుకోరు, మా అమ్మాయి స్కూల్లో పిల్లలతో కూర్చునే నియమాలు రాసుకున్నారు, గొడవలన్నీ సద్దుమణిగాయి. ఈవిడ నిషేధానికి అనుకూలమా? నైన్. కానీ మొదటి రెండు ముక్కలు చదివి యా పెట్టేసి ముందుకు వెళ్లిపోయేవాళ్లు ఎంతోమంది. అవతలివాళ్ల వాదనను ముందు ఒప్పుకుని, ఆబర్ (కానీ) అనో ట్రోట్స్‌డేమ్ (అయినా సరే) అనో తిప్పి అప్పుడు తమ మాట చెప్పడం ఈ భాగంలో మామూలు. కాబట్టి ఒక్కో అభిప్రాయాన్నీ చివరి వాక్యం దాకా చదివాకే పెన్ను కదపండి.

మూడో భాగంలో మెలిక వేరు. ఒక తల్లి ఎనిమిదేళ్ల కూతురికి శనివారం మధ్యాహ్నం ఈత క్లాసు కోసం చూస్తోంది. ఒక ప్రకటనలో 6 నుంచి 10 ఏళ్ల పిల్లలకు ఈత, శనివారం ఉదయం 9 నుంచి 11 అని ఉంటుంది. ఇంకో దాంట్లో శనివారం 14 గంటలకు మొదలు, కానీ 12 ఏళ్లు నిండినవాళ్లకే. రెండూ నోరూరిస్తాయి, రెండూ తప్పే. ఆ తల్లికి సరిపోయేది లేదు, అక్కడ 0 వేయాలి. ఏడుగురిలో ఒకరికి ప్రకటన దొరకదని సూచనల్లోనే చెబుతారు. ఒక్కో మనిషి అవసరంలో రెండు మూడు షరతులు ఉంటాయి, అవన్నీ కుదిరితేనే అది జవాబు. షరతులకు ముందే గీతలు గీసుకుని తర్వాత ప్రకటనల్లోకి వెళ్లేవాళ్లకు ఇది మొత్తం పేపర్లో సులువైన భాగం. ప్రకటనలు ముందు చదివేవాళ్లకు ఇక్కడే టైమ్ అంతా ఆవిరైపోతుంది.

ఇక రోజూ చదవడం. మాటలు తెలియక మార్కులు పోతున్నవాళ్లకు దీన్ని మించిన దారి లేదు, కానీ ఇది నిదానంగా పనిచేస్తుంది, పరీక్ష మూడు వారాల్లో ఉందంటే దీని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. రెండు మూడు నెలలుంటే నిక్షేపంగా ఇదే పట్టుకోండి. జర్మన్ ప్రసార సంస్థ డాయిష్ వెల్లె వాళ్ల టాప్-టేమా వ్యాసాలు బి1 స్థాయికే రాస్తారు, చిన్నవి, కింద మాటల అర్థాలు కూడా జర్మన్‌లోనే ఇస్తారు. అవి కష్టంగా అనిపిస్తే డాయిష్‌లాండ్‌ఫుంక్ రేడియో వాళ్ల నాఖ్‌రిష్టెన్‌లైష్ట్ వెబ్‌సైట్‌లో తేలిక భాషలో వార్తలుంటాయి. 2024 నుంచి టాగెస్‌షౌ టీవీ వార్తలు కూడా తేలిక జర్మన్‌లో ఇస్తున్నారు.

అయితే అందరూ వార్తల దగ్గరే ఆగిపోతారు, నాకు బాధ కలిగించేది అదే. పరీక్షలో వార్తల్లాంటి టెక్స్ట్ వచ్చేది ఒక్క రెండో భాగంలోనే. మిగతా నాలుగు భాగాలూ జర్మనీలో మామూలు మనిషి రోజూ చదివే కాగితాలు, అవన్నీ ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతాయి. మూడో భాగం కోసం ఏదైనా జర్మన్ ఊరి ఫోక్స్‌హోహ్‌షూలె వెబ్‌సైట్ తెరవండి. పెద్దవాళ్లకు సాయంత్రాలు వంట, కుట్టు, కంప్యూటర్, భాషలు నేర్పే సంస్థ అది, దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. కోర్సుల జాబితాలో వయసు, రోజు, ఫీజు, ఎవరికి, ఏం తెచ్చుకోవాలి అన్నీ చిన్న చిన్న వాక్యాల్లో ఉంటాయి, అచ్చం పరీక్ష ప్రకటనల భాష. మీ స్నేహితురాలికి ఒక అవసరం ఊహించి, ఆమెకు సరిపోయే కోర్సు వెతకండి, ప్రాక్టీస్ అంటే అదే. ఐదో భాగం కోసం అపార్ట్‌మెంట్ హౌస్‌ఓర్డ్‌నుంగ్ (ఇంటి నియమాలు), ఈత కొలను నియమాలు, సిటీ లైబ్రరీ నియమాలు చదవండి. రాత్రి 10 తర్వాత చప్పుడు చేయకూడదు, మెట్ల మీద సైకిల్ పెట్టకూడదు, పుస్తకం ఆలస్యమైతే ఇంత కట్టాలి, ఇలాంటివి నాలుగు కాగితాలు చదివేసరికి డ్యూర్ఫెన్ (చేయవచ్చు), మ్యూసెన్ (చేయాల్సిందే), ఎర్‌లౌబ్ట్ (అనుమతి ఉంది), ఫెర్‌బోటెన్ (నిషేధం) లాంటివన్నీ కళ్లకు అలవాటైపోతాయి. పైగా రేపు అక్కడికి వెళ్లి అద్దెకు దిగితే మీ చేతికి వచ్చే మొదటి కాగితాల్లో ఇదొకటి.

చదివేటప్పుడు ఒక అలవాటు మానుకోవాలి. మనవాళ్లు జర్మన్ వాక్యాన్ని మనసులో ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, అక్కడి నుంచి అర్థం చేసుకుంటారు. వేగం తగ్గేది అక్కడే. వైల్ (ఎందుకంటే), దాస్ (అని), వెన్ (ఒకవేళ) లాంటి మాటల తర్వాత క్రియ చివరికి వెళ్లిపోతుందని ఇంగ్లిష్ మీడియం బుర్ర కంగారుపడుతుంది కానీ తెలుగులో మనం పుట్టినప్పటి నుంచీ క్రియ కోసం వాక్యం చివరి దాకా ఆగుతూనే ఉన్నాం. వర్షం పడుతుండటంతో నిన్న ఆఫీసుకి వెళ్లలేకపోయాను అని వింటున్నప్పుడు ఎవరికీ కష్టం అనిపించదు కదా. ఆ ఓపికనే జర్మన్‌లోనూ వాడుకోండి. అర్థం చేసుకోవడానికి మధ్యలో ఒక భాష కావాల్సిందే అనిపిస్తే అది తెలుగైతే మేలు.

ఫ్లాష్‌కార్డ్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. గోథే వాళ్ల బి1 వర్డ్‌లిస్ట్ ఉచితంగా దొరుకుతుంది, సుమారు 2400 మాటలు. బస్సులో, మెట్రోలో దాన్ని తిరగేయడానికి యాప్ బాగుంటుంది. విడి మాటలు కాకుండా లిస్ట్‌లో ఇచ్చిన ఉదాహరణ వాక్యంతో కలిపి కార్డులో పెట్టుకోండి. చదవడం మానేసి కార్డులు మాత్రమే తిప్పుతానంటే మాత్రం పరీక్షలో పేరా చూడగానే కళ్లు తిరుగుతాయి.

ట్యూటర్ ఖరీదైన దారి, కానీ మూడో రకం వాళ్లకు, అంటే మాటలన్నీ తెలిసినా మెలికలో పడేవాళ్లకు, చివరి నెలలో నాలుగైదు సిట్టింగులు బ్రహ్మాండంగా పనికొస్తాయి. మాట్లాడుకునే ముందే ఒకటి అడగండి: నేను రాసిన పేపర్ తెస్తాను, నా తప్పులు ఒక్కొక్కటీ నాతో కూర్చుని చూస్తారా? సరే అంటే తీసుకోండి. మళ్లీ మొదటి నుంచి గ్రామర్ చెబుతానంటే అది కోర్సుకి సరిపోయే పని, గంటకింత లెక్కన మీరు కొనాల్సింది కాదు. డబ్బు కుదరదంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఆదివారం పూట కబ్బన్ పార్కులోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో ఒకే పేపర్ రాసి, బయటికొచ్చి చెట్టు కింద ఎవరు ఏది ఎందుకు పెట్టారో వాదించుకోండి. మీ జవాబును ఇంకొకరికి సమర్థించుకోవాల్సి వస్తే టెక్స్ట్‌ను మళ్లీ శ్రద్ధగా చదవక తప్పదు.

పరీక్షకు వచ్చే ప్రశ్నలివే అంటూ గ్రూపుల్లో అమ్మే పీడీఎఫ్‌లు, పాస్ గ్యారంటీ అనే ఏజెంట్లు, సర్టిఫికెట్ మేమే ఇప్పిస్తామనేవాళ్లు, వీళ్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. నకిలీ సర్టిఫికెట్ వీసా దగ్గర బయటపడితే పోయేది మీ డబ్బు ఒక్కటే కాదు, అక్కడికి వెళ్లే దారే మూసుకుపోవచ్చు.

గోథేనా, టెల్క్ అనే ఇంకో జర్మన్ పరీక్షా అన్న ప్రశ్న రీడింగ్‌కి కూడా ముఖ్యమే. ముందుగా మీ సర్టిఫికెట్ చూసేది ఎవరో, కాన్సులేటో, ఆసుపత్రో, కంపెనీయో, వాళ్లు రెండూ ఒప్పుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే అప్పుడు పోల్చుకోండి. టెల్క్ బి1లో చదవడానికీ, గ్రామర్ ఖాళీలు నింపే ష్ప్రాఖ్‌బౌష్టైనెకీ కలిపి 90 నిమిషాలు. చదివే భాగంలో 5 చిన్న టెక్స్ట్‌లకు 10 శీర్షికల్లోంచి సరైనవి వెతకాలి, ఒక పెద్ద టెక్స్ట్ మీద 5 ప్రశ్నలు, తర్వాత 10 అవసరాలకు 12 ప్రకటనలు. మొత్తం 300 పాయింట్లలో చదవడానికి 75, ష్ప్రాఖ్‌బౌష్టైనెకి 30. గ్రామర్ గట్టిగా ఉండి, టైమ్‌ను సొంతంగా సర్దుకోగలిగేవాళ్లకు టెల్క్ బాగా కలిసొస్తుంది. పైగా అక్కడ రాత భాగాలన్నీ కలిపి 60 శాతం చూస్తారు కాబట్టి రీడింగ్ కొంచెం తగ్గినా వినడంలో, రాయడంలో లాక్కోవచ్చు. గోథేలో అలా కుదరదు, లేజెన్‌లో 60 రావాలంటే లేజెన్‌లోనే రావాలి. కానీ ఒక మాడ్యూల్ పోయినా మిగతా మూడూ మీ చేతిలో ఉంటాయి. నాలుగు నైపుణ్యాల్లో ఒకటి బాగా బలహీనంగా ఉన్నవాళ్లు, ఉద్యోగం చేస్తూ ముక్కలు ముక్కలుగా ప్రిపేర్ అయ్యేవాళ్లు గోథే తీసుకోండి అని నేను చెబుతాను. ఆస్ట్రియా వాళ్ల ఓఎస్‌డి బి1 కూడా గోథేతో కలిసి తయారుచేసిన పరీక్షే, దానికి వేరే ప్రిపరేషన్ అక్కర్లేదు.

బుక్ చేసేటప్పుడు కాగితం మీదా, కంప్యూటర్ మీదా అన్నది చూసుకోండి. కంప్యూటర్ అయితే చివరి నెల ప్రాక్టీస్ అంతా స్క్రీన్ మీదే చేయండి, గీతలు గీసుకునే అలవాటు అక్కడ అదే రకంగా పనిచేయదు. కాగితం అయితే జవాబులు వేరే ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించాలి, దానికి అదనంగా టైమ్ ఇవ్వరు, ఆ 65 నిమిషాల్లోనే అది కూడా. అందుకే ఇంట్లో ప్రాక్టీస్‌కి 60 నిమిషాలే పెట్టుకోండి. భాగాలు వరుసగానే చేయాలన్న నియమం లేదు. మూడు, ఐదు ముందు చేసి, తర్వాత ఒకటి, నాలుగు, ఆఖరున రెండు చేస్తే 20 నిమిషాలు తినే వ్యాసాల దగ్గర కంగారు ఉండదు. ఈ వరుస మీకు కుదురుతుందో లేదో ఇంట్లో రెండు పేపర్ల మీద చూసుకుని, పరీక్ష రోజు మళ్లీ మార్చకండి. చివరి ఐదు నిమిషాల్లో తెలియనివి మిగిలితే ఖాళీగా వదలకుండా ఏదో ఒకటి పెట్టేయండి, తప్పుకు మైనస్ లేదు.